లేడీ బీ గుడ్: ఇంటి మీదుగా దాటిపోయిన తొమ్మిదిమంది

అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్ళకి మెమోరియల్ డే అనగానే ముందుగా గుర్తొచ్చేది మూడు రోజుల సెలవు. పార్కులో పులిహోర పొట్లాలతో పిక్నిక్కు, షాపుల్లో తగ్గింపు ధరలు, వీలైతే పిల్లలతో ఏదో ఒక ఊరికి ప్రయాణం. ఆ రోజు ఎవరిని గుర్తుచేసుకోవడానికి పెట్టారో పిల్లలు అడిగితే "యుద్ధంలో పోయినవాళ్ళని" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటాం. ఆ పోయినవాళ్ళలో ఒక తొమ్మిదిమంది గురించి ఇవాళ కాస్త తీరిగ్గా చెప్పుకుందాం. వాళ్ళు పేరుమోసిన వీరులు కారు. పతకాలు గెలిచి పత్రికల్లోకి ఎక్కినవాళ్ళూ కారు. ఆ బృందంగా వాళ్ళు చేసిన మొదటి యుద్ధయాత్రే ఆఖరిదయింది.

1943 ఏప్రిల్ 4, ఆదివారం. ఉత్తర ఆఫ్రికాలోని లిబియాలో, బెంఘాజీ ఊరికి దగ్గర్లో సొలూక్ అనే చోట అమెరికన్ల విమాన స్థావరం ఉండేది. స్థావరమంటే పెద్ద కట్టడాలేమీ లేవు, ఎడారిలో చదును చేసిన నేల, గుడారాలు, ఇసుక. ఆ మధ్యాహ్నం 25 బి-24 లిబరేటర్ బాంబర్లు మధ్యధరా సముద్రం దాటి ఇటలీలోని నేపుల్స్ రేవు మీద దాడికి బయలుదేరాయి. అందులో అందరికంటే వెనకగా లేచిన విమానాల్లో ఒకదాని ముక్కు పక్కన 'లేడీ బీ గుడ్' అని రాసి ఉంది. విమానం కొత్తది. అందులోవాళ్ళూ ఆ స్థావరానికి కొత్తవాళ్ళే, వచ్చి నెల కూడా కాలేదు.

వాళ్ళ పేర్లు ఒకసారి చెప్పనివ్వండి. పైలట్ విలియం హాటన్, న్యూయార్క్ వాడు. కో-పైలట్ రాబర్ట్ టోనర్, మసాచుసెట్స్ నుంచి. దారి లెక్కలు చూసే నావిగేటర్ డి.పి. హేస్, మిస్సోరి. గురిచూసి బాంబులు వదిలే బొంబార్డియర్ జాన్ వొరావ్కా, ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్. ఫ్లైట్ ఇంజనీర్ హెరాల్డ్ రిప్‌స్లింగర్, రేడియో ఆపరేటర్ రాబర్ట్ లామోట్, ఇద్దరిదీ మిషిగన్. మరతుపాకుల దగ్గర ఉండే గన్నర్లు ముగ్గురు: పెన్సిల్వేనియా నుంచి గై షెల్లీ, ఒహాయో నుంచి వెర్నన్ మూర్, ఇలినాయ్ నుంచి శామ్యూల్ ఆడమ్స్. అందరూ కుర్రవాళ్ళే. మనలో చాలామంది ఉద్యోగాల కోసం, చదువుల కోసం చేరిన రాష్ట్రాలే వాళ్ళ సొంతూళ్ళు. ఆ ఊళ్ళ పక్కనుంచి మనం వారం వారం కార్లో వెళుతూనే ఉంటాం.

విమానాలు లేచే సమయానికి ఇసుక గాలి మొదలైంది. ఇంజన్లలోకి ఇసుక పోయి, వెనక విభాగంలో చాలా విమానాలు దారిలోనే తిరుగుముఖం పట్టాయి. లేడీ బీ గుడ్ మాత్రం ముందుకే సాగింది. నేపుల్స్ దగ్గరికి చేరేసరికి చీకటి పడింది, గురి కనిపించలేదు. బాంబులు ఊరి మీద వెయ్యకుండా, వెనక్కి వస్తూ సముద్రంలో పడేశారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. బాంబర్ విమానంలో పోయినవాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు కిందవాళ్ళని మరిచిపోవడం న్యాయం కాదు. ఆ యుద్ధంలో ఇటలీలో అన్నిటికంటే ఎక్కువగా బాంబు దాడులకి గురైన నగరాల్లో నేపుల్స్ ఒకటి. వేలమంది మామూలు జనం అక్కడ చనిపోయారు. బాంబు కింద ఉండటమంటే ఏమిటో మన పెద్దలకీ తెలుసు. దాదాపు దానికి ఏడాది ముందు, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. తీరంలో ఊళ్ళకు ఊళ్ళు భయంతో ఖాళీ అయ్యాయి. అంటే ఆ యుద్ధంలో మన పక్కవాళ్ళు ఆకాశం వైపు చూసి వణికినవాళ్ళు. అయినా పైన ఉన్నవాడు కూడా ఒక తల్లి బిడ్డే కదా. రెండు నిజాలూ ఒకేసారి మనసులో పెట్టుకోవడం కష్టమే, కాని ఒకదాన్ని వదిలేస్తే మనం చెప్పేది చరిత్ర అవదు. లేడీ బీ గుడ్ బృందం విషయంలో ఒక్కటి చెప్పుకోవచ్చు. ఆ రాత్రి వాళ్ళ బాంబులు పడింది సముద్రంలోనే.

ఇక తిరుగు ప్రయాణం. తోటి విమానాలు లేవు, ఒంటరి విమానం. కింద సముద్రం, పైన మబ్బు, చుట్టూ చీకటి. యుద్ధకాలం కాబట్టి నేల మీద దీపాలు లేవు. అర్ధరాత్రి దాటి పన్నెండు నిమిషాలకి హాటన్ రేడియోలో బెఘాజీ దగ్గరి బెనీనా స్టేషన్ని పిలిచి, తన దిక్కు చూపించే పరికరం పని చెయ్యటం లేదని, తనెక్కడున్నాడో చెప్పమని అడిగాడు. స్టేషన్ వాళ్ళు రేడియో సంకేతాన్ని బట్టి 330 డిగ్రీలు అని చెప్పారు. అంటే స్టేషన్‌కి వాయవ్యంగా, సముద్రం వైపు ఉన్నారని.

అసలు చిక్కంతా ఈ ఒక్క అంకెలో ఉంది. అప్పటి దిక్సూచి రేడియోల్లో వలయంలాంటి యాంటెన్నా ఉండేది. దాన్ని తిప్పుతూ సంకేతం ఏ గీత మీద నుంచి వస్తోందో కనిపెట్టేవారు. కాని ఆ గీతకి రెండు కొసలుంటాయి. సంకేతం ఈ కొస నుంచి వస్తోందా, ఆ కొస నుంచి వస్తోందా అన్నది ఆ యాంటెన్నా ఒక్కటీ చెప్పలేదు. నట్టింట్లో నిలబడి కళ్ళు మూసుకుని ఒక తాడు పట్టుకున్నారనుకోండి. తాడు తూర్పు పడమరలుగా ఉందని చేతికి తెలుస్తుంది, అవతల లాగుతున్న మనిషి తూర్పున ఉన్నాడో పడమర ఉన్నాడో తాడు చెప్పదు. ఇక్కడా అదే జరిగింది. విమానం అప్పటికే తీరం దాటి, స్థావరం దాటి, స్టేషన్‌కి ఆగ్నేయంగా ఎడారి మీదకి వచ్చేసింది. స్టేషన్‌లో కూర్చున్నవాళ్ళు మాత్రం నేపుల్స్ నుంచి వస్తున్న విమానం సముద్రం వైపే కదా ఉండాలి అనుకున్నారు. వాళ్ళు అలా అనుకోవడంలో వింతేమీ లేదు.

వాళ్ళు విమానాల కోసం కింద నుంచి వెలుగు గుళ్ళు పేల్చారు. అవి హాటన్ బృందానికి కనపడలేదు. తమ గుడారాల మీదుగా, తమ పక్కబట్టల మీదుగా దాటిపోయి, ఇంకా సముద్రం మీదే ఉన్నామనుకుంటూ దక్షిణానికి రెండు గంటలపాటు ఎగిరారు. చీకట్లో ఎడారికీ సముద్రానికీ తేడా తెలియదు. తెల్లవారుజామున రెండు గంటల ప్రాంతంలో ఇంధనం అయిపోవచ్చింది. తొమ్మిదిమందీ పారాషూట్లతో దూకేశారు. దూకినప్పుడు వాళ్ళు ఒంటి మీద తొడుక్కున్నవి నీళ్ళలో తేలే జాకెట్లు. కాళ్ళు మోపింది మాత్రం తీరానికి నాలుగు వందల మైళ్ళ లోపల, ప్రపంచంలోనే నీటిచుక్క దొరకని ఎడారుల్లో ఒకదాని నట్టనడుమ.

మనుషులు దూకేసిన విమానం దానంతటది కాస్త దూరం తేలుతూ వెళ్ళి, పొట్ట మీద నేలకి జారి, నడుం దగ్గర విరిగి ఆగిపోయింది. అది ఆగిన చోటు వాళ్ళు దిగిన చోటికి దక్షిణంగా సుమారు 16 మైళ్ళు. సొలూక్ నుంచి లెక్కిస్తే దాదాపు 440 మైళ్ళు, అంటే 710 కిలోమీటర్లు.

తెల్లవారి స్థావరం నుంచి వెతకడానికి విమానాలు వెళ్ళాయి. ఎక్కడ వెతికారు? సముద్రం మీద. 330 డిగ్రీలని చేతిలో కాగితం చెబుతుంటే ఎడారిలోకి ఎవరు వెళతారు? ఏమీ దొరకలేదు. తొమ్మిది ఇళ్ళకి కబురు వెళ్ళింది, ఆచూకీ తెలియలేదని. తర్వాత చనిపోయినట్టు ప్రకటించారు. సముద్రంలో పోయి ఉంటారనుకుని యుద్ధం ముందుకి సాగిపోయింది.

పదిహేనేళ్ళు గడిచాయి. 1958లో లిబియాలో చమురు కోసం వెతుకుతున్న బ్రిటిష్ వాళ్ళకి ఆకాశం నుంచి ఎడారిలో ఒక విమానం కనపడింది. 1959 మొదట్లో భూగర్భ శాస్త్రజ్ఞులు కొందరు నేల మీద దాని దగ్గరికి చేరుకున్నారు. లోపల చూస్తే నిన్న మొన్న దిగినట్టుంది. మరతుపాకులు పేలాయి, రేడియో పనిచేసింది. తిండి, నీళ్ళు కొంత మిగిలి ఉన్నాయి. మనుషుల జాడ మాత్రం లేదు, పారాషూట్లూ లేవు. దూకేశారన్నది తేలింది. మరి ఎటు వెళ్ళారు?

ఆ ఏడాది అమెరికన్ సైన్యం వచ్చి వెతికింది. ఎడారిలో బూట్లు, నీళ్ళలో తేలే జాకెట్లు, పారాషూట్ గుడ్డ పేలికలు దొరికాయి. ఆ పేలికల్ని బాణం గుర్తులా పరిచి, ఎగిరిపోకుండా పైన రాళ్ళు పెట్టి ఉన్నారు. వెనక వచ్చేవాళ్ళకి దారి చూపడానికి. బాణాలన్నీ వాయవ్యం వైపే. ఇసుక దిబ్బల దగ్గర ఆ జాడ ఆగిపోయింది. ఇసుక కింద కప్పడిపోయి ఉంటారని వెతుకులాట ఆపేశారు.

1960 ఫిబ్రవరి 11న చమురు కంపెనీ పనివాళ్ళకి ఐదుగురి అవశేషాలు ఒకేచోట దొరికాయి. హాటన్, టోనర్, హేస్, లామోట్, ఆడమ్స్. అవి దొరికింది విమానం పడిన చోటుకి దాదాపు 80 మైళ్ళ ఉత్తరాన. టోనర్ దగ్గర చిన్న జేబు డైరీ ఉంది. పదిహేడేళ్ళుగా ఎవరికీ తెలియని కథ ఆ డైరీలో బయటపడింది.

టోనర్ రాసింది చాలా కొద్దిగా. రోజుకి నాలుగైదు పొడి ముక్కలు. ఏడుపులు లేవు, నిందలు లేవు. ఆ ముక్కల్ని బట్టి ఏం జరిగిందో మన మాటల్లో చెప్పుకుంటే ఇలా ఉంటుంది.

దూకిన తర్వాత ఎనిమిదిమంది చీకట్లో ఒకరినొకరు వెతుక్కుని కలుసుకున్నారు. జాన్ వొరావ్కా మాత్రం రాలేదు. మర్నాడు కూడా జాన్ కనపడలేదనే రాసుకున్నాడు. వాళ్ళ దగ్గర ఉన్నది కొంచెం తిండి, అర సీసా నీళ్ళు. సైనికులు నడుముకి కట్టుకునే నీళ్ళ సీసా మీరు చూసే ఉంటారు, దాంట్లో సగం. ఎనిమిదిమందికి. మనిషికి రోజుకి ఒక్క మూతెడు అని లెక్క పెట్టుకున్నారు. సీసా మూత. మన ఇళ్ళల్లో పిల్లలకి మందు పోసే కొలత అంత.

సముద్రం దగ్గర్లోనే ఉందనుకున్నారు కాబట్టి వాయవ్యం వైపు నడక మొదలుపెట్టారు. పావుగంట నడక, ఐదు నిమిషాలు విశ్రాంతి. పగలు ఎండకి కదల్లేరు, రాత్రి చలికి నిద్ర పట్టదు. విమానం వస్తుందని ఆకాశం వైపు చూడటం, ప్రార్థనలు. గురువారానికి ఇసుక దిబ్బలు వచ్చాయి. కాళ్ళు కూరుకుపోతున్నాయి, ఇసుక గాలి ఆగట్లేదు. అందరి కళ్ళూ దెబ్బతిన్నాయి, లామోట్‌కి చూపే పోయింది. శుక్రవారం ఒక నిర్ణయం జరిగింది. ఒంట్లో కాస్త ఓపిక మిగిలిన షెల్లీ, రిప్‌స్లింగర్, మూర్ సాయం తీసుకురావడానికి ముందుకి వెళ్ళారు. మిగతా ఐదుగురు ఉన్నచోటే ఉండిపోయారు. శనివారం ఒకటి రెండు పిట్టలు కనపడ్డాయని రాశాడు. ఆదివారానికి నీళ్ళు నాలుకకి తాకించుకోవడానికి సరిపోయేంత మిగిలాయి. అంటే ఏడో రోజున కూడా ఆ సీసా పూర్తిగా ఖాళీ కాలేదు. ఏప్రిల్ 12, సోమవారం నాటి మాటలే ఆఖరివి. సాయం రాలేదని, రాత్రి బాగా చలిగా ఉందని. అంతే.

నాకు ఈ కథలో అన్నిటికంటే గట్టిగా తగిలింది ఆ సీసా. నీళ్ళు ఎవరి చేతిలో ఉన్నాయో, రాత్రిపూట ఎవరు కాపలా ఉన్నారో మనకి తెలియదు. దాహంతో చచ్చిపోతున్న ఎనిమిదిమంది మధ్య ఆ మూత లెక్క తప్పలేదు. పైలట్ అధికారి, గన్నర్ కింది ఉద్యోగి, అయినా ఎవరి వాటా వారిదే. బలమున్న ముగ్గురు వెళ్ళింది తమ ప్రాణం దక్కించుకోవడానికి కాదు, కూర్చున్నవాళ్ళకి సాయం తేవడానికని టోనర్ స్పష్టంగా రాశాడు. యుద్ధంలో వీరత్వమంటే మనకి సినిమాల్లో చూపించేది వేరు. దాన్ని వీరత్వం అనాలో ఇంకేమనాలో గాని, ఇది మాత్రం ఎవరూ చూడని చోట జరిగింది.

"వెనక్కి విమానం వైపు నడిస్తే బతికేవాళ్ళు కదా" అని ఈ కథ విన్నవాళ్ళందరూ అంటారు. నిజమే, అక్కడ నీళ్ళు, తిండి, పనిచేసే రేడియో ఉన్నాయి. పదహారు మైళ్ళంటే వాళ్ళు నడిచినదాంట్లో పెద్ద దూరం కాదు. కాని విమానం ముక్కలు చెక్కలు కాకుండా దిగిందని వాళ్ళకి ఎలా తెలుస్తుంది? ఎంత దూరంలో ఎటువైపు పడిందో తెలియదు. వాళ్ళకి తెలిసిన సంగతుల్ని బట్టి చూస్తే వాయవ్యం వైపు నడవడమే సబబైన పని. అంతా ముగిశాక పటం ముందు పెట్టుకుని మాట్లాడటం మనకి తేలిక. ఆ పటం వాళ్ళ దగ్గర లేదు.

1960 మే నెలలో షెల్లీ, రిప్‌స్లింగర్ దొరికారు. ఐదుగురు ఆగిపోయిన చోటు నుంచి ఒక్కొక్కరు ఇరవై మైళ్ళకు పైగా, ఆ ఇసుక దిబ్బల్లో, చుక్క నీళ్ళు లేకుండా నడిచారు. ఆగస్టులో వొరావ్కా కూడా దొరికాడు. అతని పారాషూట్ సరిగ్గా విచ్చుకోలేదు, నేలని తాకగానే పోయాడు. మిత్రులు వెతికిన, కనపడలేదని డైరీలో రాసుకున్న జాన్ మొదటి రాత్రే పోయాడన్నమాట. వెర్నన్ మూర్ మాత్రం దొరకలేదు.

తొమ్మిది కుటుంబాలు ఏళ్ళ తరబడి సముద్రాన్నే తలుచుకున్నాయి. కొడుకు నీళ్ళలో పోయాడనుకున్న తల్లికి, కాదు, నీళ్ళు లేక పోయాడని తెలిస్తే ఎలా ఉంటుంది? తెలియడం మంచిదా, తెలియకపోవడం మంచిదా? మన సంప్రదాయంలో కడసారి చూపుకీ, అస్థికలకీ ఎంత విలువ ఇస్తామో మీకు వేరే చెప్పక్కర్లేదు. దేశం కాని దేశంలో ఉంటున్న మనకి, అర్ధరాత్రి ఫోన్ మోగితే గుండె ఝల్లుమనే మనకి, ఆ ఎదురుచూపు కొత్త కాదు. ఎనిమిది ఇళ్ళకి కనీసం మట్టి చేసుకునే అవకాశం దక్కింది.

మన పిల్లలకి ఇదంతా ఎందుకు, ఇది వాళ్ళ చరిత్ర ఎలా అవుతుంది అని అడిగేవాళ్ళు ఉంటారు. అదే లిబియా ఎడారుల్లో భారత సైన్యం నాలుగో డివిజన్ పోరాడింది. దానితో మద్రాస్ శాపర్స్ కూడా ఉన్నారు. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ కుర్రవాళ్ళని చేర్చుకునే దళమది. ఇక బి-24 లిబరేటర్ల సంగతి. మొత్తం 18,000కు పైగా తయారయ్యాయి. వాటిలో దాదాపు సగం మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కన విల్లో రన్ దగ్గర ఫోర్డ్ కంపెనీ కట్టిన ఫ్యాక్టరీ నుంచి వచ్చాయి. ఇవాళ ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో వేలమంది మనవాళ్ళు కాపురాలు ఉంటున్నారు. యుద్ధం అయిపోయాక కాన్పూరులో వదిలేసిన లిబరేటర్లని బెంగుళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ళు బాగుచేస్తే, భారత వాయుసేన వాటిని 1968 దాకా నడిపింది. అరిజోనాలో టుసాన్ పిమా మ్యూజియంలో ఉన్న లిబరేటర్ అలా మన దేశం నుంచి వచ్చిందే.

ఆ యుద్ధంలో బ్రిటిష్ బాంబర్ కమాండ్ ఒక్కదాంట్లోనే 55,573 మంది వైమానికులు చనిపోయారు. ఇంగ్లండ్ నుంచి ఎగిరిన అమెరికన్ ఎనిమిదో వైమానిక దళంలో 26,000 మంది. ఇలాంటి అంకెలు చదివితే మనసుకి పట్టవు. అందుకే ఒక విమానం, తొమ్మిది పేర్లు, అర సీసా నీళ్ళ గురించి చెప్పుకోవడం. పిల్లలకి కూడా అలా చెబితేనే ఎక్కుతుంది.

ఎప్పుడైనా ఒహాయో వైపు వెళితే డేటన్‌లో వైమానిక దళ జాతీయ మ్యూజియం చూడండి. ప్రవేశం ఉచితం. అక్కడున్న బి-24 ఈ తొమ్మిదిమంది పనిచేసిన 376వ బాంబర్ గ్రూపుదే, ఆఫ్రికాలో ఎగిరినదే. దాని పక్కన నిలబడితే లోపల మనుషులు ఎంత ఇరుకులో కూర్చునేవారో పిల్లలకి అర్థమవుతుంది. లేడీ బీ గుడ్ విమానాన్ని 1994లో లిబియా వాళ్ళు ఎడారి నుంచి టొబ్రుక్ దగ్గరికి తరలించారు. దాని ప్రొపెల్లర్ ఒకటి మిషిగన్‌లో లామోట్ సొంతూరు లేక్ లిండెన్‌లో ఉంది.

రెండో ప్రపంచయుద్ధంలో పోయిన అమెరికన్లలో 70,000 మందికి పైగా ఇంకా జాడ తెలియనివాళ్ళే. ఒహాయో రాష్ట్రం న్యూ బోస్టన్ కుర్రవాడు వెర్నన్ మూర్ వాళ్ళలో ఒకడు. ఐదో రోజున, కళ్ళు మంటలు పుడుతుంటే, వెనక కూర్చున్న ఐదుగురికి నీళ్ళు తెస్తానని లేచి ఉత్తరం వైపు నడిచాడు. ఈ మెమోరియల్ డే నాడు మీ ఇంట్లో ఎవరైనా ఎవరిని తలుచుకోవాలని అడిగితే, అతని పేరు చెప్పండి.